ఆ నురుగు ప్రయోగాన్ని రెండోసారి కూడా చేయించండి

పిల్లలతో ఇంట్లో చేయించే సైన్సు ప్రయోగాల్లో నురుగు పొంగించేదానికి ఉన్నంత గిరాకీ మరి దేనికీ లేదు. సన్న మూతి సీసాలో కొంచెం హైడ్రోజన్ పెరాక్సైడ్, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా, కాస్త రంగు వేసి, గోరువెచ్చటి నీళ్లలో కలిపిన ఈస్టును గబుక్కున పోస్తే చాలు. నురుగు మెలికలు తిరుగుతూ పైకొచ్చి, సీసా మూతి దాటి కిందికి జారుతుంది. చూడటానికి ఎవరో పెద్ద ట్యూబు నొక్కినట్టే ఉంటుంది కాబట్టి దీనికి ఎలిఫెంట్ టూత్‌పేస్ట్ అని పేరు పడింది. పిల్లలు కేకలు పెడతారు, పెద్దవాళ్లు ఫోన్‌లో వీడియో తీస్తారు, ట్రే కడిగేస్తారు. అక్కడితో అయిపోతుంది. అలా అయిపోవడమే నాకు బాధ.

ఒక్కసారి చేసి వదిలేస్తే అది ప్రదర్శన మాత్రమే. ప్రదర్శన చూడటం తప్పేం కాదు, పిల్లల్ని మొదట దగ్గరికి లాగేది అదే. కానీ ప్రయోగం అన్నది రెండోసారి మొదలవుతుంది. ఏదో ఒక్కటి మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి, "ఇప్పుడేమవుతుందో చెప్పు" అని పిల్లల్ని అడిగి, వాళ్ల జవాబు విన్నాకే పోయించినప్పుడు మొదలవుతుంది. మా అబ్బాయితో, మా అన్నయ్య కూతురితో కలిసి ఈ నురుగు ప్రయోగాన్ని రకరకాలుగా చేస్తూ వచ్చాక ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఏర్పడింది. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. నురుగు ఎంత ఎత్తుకు ఎగిస్తే అంత గొప్ప అనుకునేవాళ్లతో నేను ఏకీభవించను. నెమ్మదిగా పొంగే నురుగులోనే పిల్లలకు ఎక్కువ కనిపిస్తుంది.

ముందు సీసాలో ఏం జరుగుతోందో చూద్దాం. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను 1818లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ జాక్ తెనార్ మొదటిసారి తయారు చేశాడు. చూడటానికి అచ్చం నీళ్లే. నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులకు ఒక ఆక్సిజన్ ఉంటే, ఇందులో రెండు ఆక్సిజన్లు ఉంటాయి. ఆ రెండు ఆక్సిజన్ల మధ్య బంధం బలహీనం. అందుకే సీసాలో ఊరికే ఉంచినా అది నెమ్మదిగా నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతూనే ఉంటుంది. వెలుతురు తగిలితే ఇంకాస్త తొందరగా విడిపోతుంది, అందుకే దాన్ని ముదురు రంగు సీసాల్లో అమ్ముతారు. అయితే ఆ మామూలు వేగం మన కంటికి కనిపించేది కాదు. కొన్ని లోహాలు తగిలితే మాత్రం పెరాక్సైడ్ గబగబా విడిపోతుందనీ, ఆ లోహం మాత్రం ఏమీ తరిగిపోదనీ తెనారే గమనించాడు. తాను ఖర్చు కాకుండా చర్యను వేగం చేసే ఇలాంటి పదార్థాలన్నిటినీ ఒక్క చోటికి చేర్చి, 1835లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ ఒక పేరు పెట్టాడు. మన పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న ఉత్ప్రేరకం అదే.

మన ప్రయోగంలో ఆ పని చేసేది ఈస్టు కణాల్లో ఉండే కేటలేజ్ అనే ఎంజైము, అంటే జీవకణాలు తయారు చేసుకునే ఉత్ప్రేరకం. కొండ ఎక్కి దిగాల్సిన చోట సొరంగం తవ్వి దారి ఇచ్చినట్టు, పెరాక్సైడ్ విడిపోవడానికి ఇది తేలిక దారి చూపిస్తుంది. ఒక్క కేటలేజ్ అణువు సెకనుకు లక్షల కొద్దీ పెరాక్సైడ్ అణువులను విడగొట్టగలదు. పుట్టిన ఆక్సిజన్ ఊరికే గాల్లోకి పోకుండా సబ్బు పొరల్లో చిక్కుకుంటుంది. అలా చిక్కుకున్న వాయువే మనకు కనిపించే నురుగు. అంటే ఇందులో ముగ్గురు పనివాళ్లున్నారు: వాయువును ఇచ్చే పెరాక్సైడ్, తొందరపెట్టే ఈస్టు, పట్టి ఉంచే సబ్బు. పిల్లలకు ఈ మూడు పనులు విడివిడిగా తెలియాలంటే మాటలతో చెబితే సరిపోదు, ఒక్కొక్కదాన్నీ తీసేసి చూపించాలి.

ఇక బలం సంగతి. మందుల షాపులో దొరికే మామూలు పెరాక్సైడ్ 3 శాతం ద్రావణం. ఇంటికి అదే చాలు. ఇంటర్నెట్‌లో కనిపించే వీడియోల్లో నురుగు క్షణంలో గది కప్పు దాకా ఎగజిమ్ముతుంటే అది 30 శాతం, అంతకు మించిన ద్రావణం అని గుర్తుంచుకోండి. అది చర్మానికి తగిలితే తెల్లగా మాడుతుంది, మంట పుడుతుంది. కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పైగా పెరాక్సైడ్ విడిపోయేటప్పుడు వేడి పుడుతుంది. 3 శాతం ద్రావణంలో అంతా విడిపోయి, ఆ వేడంతా ద్రావణంలోనే మిగిలినా లెక్క ప్రకారం ఉష్ణోగ్రత మహా అయితే 20 డిగ్రీలు పెరుగుతుంది. 30 శాతం ద్రావణంలో పుట్టే వేడి నీటిని మరిగించడానికి కూడా ఎక్కువే. అందుకే ఆ వీడియోల్లో నురుగుతో పాటు ఆవిరి కనిపిస్తుంది. ల్యాబుల్లో, చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, పిల్లల్ని దూరంగా నిలబెట్టి చేసే పని అది. ఇంట్లోకి దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ తేకూడదు.

ప్రమాదం ఒక్కటే కారణమైతే ఈ వ్యాసం రాయనవసరం లేదు, జాగ్రత్తలు రాసి వదిలేసేదాన్ని. బలమైన ద్రావణంతో ఇంకో నష్టం ఉంది. అంతా రెప్పపాటులో ముగిసిపోతుంది. పిల్లవాడు దూరం నుంచి చూస్తాడు, చప్పట్లు కొడతాడు, తన చేతితో ఏదీ చేయడు. ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో పట్టుకునే వీలే ఉండదు. 3 శాతంతో అలా కాదు. ఈస్టు పడ్డ చోట మొదట బుడగలు పుట్టడం కనిపిస్తుంది. చిన్న బుడగలు పెద్దవవుతాయి, నురుగు గట్టిపడి పైకి తోసుకొస్తుంది, పైకొచ్చాక వేగం తగ్గుతుంది. సీసాను బయటినుంచి పట్టుకుంటే కాస్త వెచ్చబడటం తెలుస్తుంది. వీడియోలు చూసి అలవాటుపడ్డ పిల్లలు "ఇంతేనా?" అని మొహం ముడుచుకుంటారు, నిజమే. మా అబ్బాయీ ముడుచుకున్నాడు. ఆ నిరాశకు భయపడి పెద్దవాళ్లు ఇంకా బలమైన సీసా కోసం వెతుకుతారు. వెతకకండి. పిల్లవాడి చేతికి ఒక స్కేలు ఇవ్వండి.

నేను చేసే పద్ధతి ఇదీ. నిలువుగా పొడవుగా ఉండే పారదర్శకమైన గ్లాసు తీసుకుని పక్కన కాగితం స్కేలు అతికిస్తాం. అందులో 3 శాతం పెరాక్సైడ్ 100 మి.లీ., గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చిన్న చెంచా. వేరే కప్పులో మూడు పెద్ద చెంచాల గోరువెచ్చటి నీళ్లు, దాదాపు 40 డిగ్రీలు, అందులో ఒక చిన్న చెంచా ఎండు ఈస్టు. ఈస్టు నాని, కలిసిపోవడానికి కొన్ని నిమిషాలు ఆగుతాం. కింద వెడల్పాటి ట్రే. పోసేది పిల్లలే. పెద్దవాళ్లు గడియారం చూస్తూ అరనిమిషానికోసారి "ఇప్పుడు" అంటారు. నురుగు ఎక్కడి దాకా వచ్చిందో పిల్లలు గీత పెడతారు. అంతే, దీంతో ఒక ప్రయోగానికి కావలసిన కొలత చేతికొచ్చింది. ఇక మీదట ఏం మార్చినా దీంతో పోల్చి చూడొచ్చు.

మొదట మార్చాల్సింది సబ్బు అని నా సలహా. "సబ్బు వేయకపోతే ఏమవుతుంది?" అని అడిగితే మా అబ్బాయి ఆలోచించకుండానే "ఏమీ అవ్వదు, నురుగు వచ్చేదే సబ్బుతో కదమ్మా" అన్నాడు. వాడి అనుభవంలో నురుగు అంటే స్నానాలగదిలో సబ్బుదే మరి. సబ్బు లేకుండా పోస్తే ద్రావణం బుసబుసలాడింది, మెత్తగా కాసిని బుడగలు పైన తేలాయి, పగిలిపోయాయి. నురుగు కొండ లేదు గానీ చర్య మాత్రం జోరుగా జరుగుతోంది. "లోపల ఏదో అవుతూనే ఉంది" అని వాడే అన్నాడు. తర్వాత సబ్బు వేసి ఈస్టు మానేశాం. గ్లాసు నిశ్చలంగా ఉండిపోయింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, నురుగు సబ్బు వల్ల పుట్టలేదనీ, సబ్బు దాన్ని పట్టి ఉంచిందనీ ఎవరూ చెప్పకుండానే తెలిసింది. అదే సంగతి నేను ముందు చెప్పి ఉంటే వాడు తలూపేవాడు, మరుసటి రోజుకు మర్చిపోయేవాడు.

ఆ తర్వాతది నాకు అన్నిటికన్నా ఇష్టమైన మార్పు. ఈస్టును రెట్టింపు చేస్తే నురుగు రెట్టింపవుతుందా? పిల్లలే కాదు, పెద్దవాళ్లలో కూడా ఎక్కువమంది అవుతుందనే అంటారు. చేసి చూస్తే నురుగు మరింత త్వరగా పైకొస్తుంది, గీతలు ఎడమెడంగా పడతాయి. కానీ పుట్టే ఆక్సిజన్ మొత్తం మాత్రం పెరగదు, ఎందుకంటే ఆక్సిజన్ వచ్చేది పెరాక్సైడ్ నుంచి. దీన్ని ఇంకా స్పష్టంగా చూపించే దారి ఒకటుంది. బుడగలు పూర్తిగా ఆగిపోయాక గ్లాసులోని ద్రావణాన్ని రెండుగా పంచండి. ఒకదాంట్లో కొత్త ఈస్టు, రెండోదాంట్లో కొత్త పెరాక్సైడ్ పోయండి. ఈస్టు పోసినదాంట్లో చలనం ఉండదు. పెరాక్సైడ్ పోసినది మళ్లీ పొంగుతుంది. పాత ఈస్టుకు పని చేసే సత్తా ఇంకా ఉంది, చేయడానికి పనే లేకుండా పోయింది. ఉత్ప్రేరకం ఖర్చు కాదు, అది వేగాన్ని మారుస్తుంది గానీ మొత్తాన్ని మార్చదు అన్న వాక్యాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టిన వాళ్లు ఎందరో. ఈ రెండు గ్లాసులూ చూశాక ఆ వాక్యాన్ని బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఈస్టును మరిగించి పోయడం మరో మంచి మార్పు. ఈస్టు కలిపిన నీళ్లను పెద్దవాళ్లు స్టవ్ మీద కొన్ని నిమిషాలు బాగా మరిగించి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, మామూలుగానే పోయించాలి. చల్లారాలి అన్నది ముఖ్యం, లేకపోతే రెండు విషయాలు ఒకేసారి మార్చినట్టవుతుంది. నురుగు రాదు. ఎంజైము ఒక ప్రొటీన్. దానికి ఉన్న మడతల ఆకారమే దాని పనితనం. వేడికి ఆ మడతలు విప్పుకుపోతాయి, చల్లారినా తిరిగి పూర్వపు రూపానికి రావు. ఎంజైములు ప్రొటీన్లేనన్న సంగతి శాస్త్రవేత్తలకే అంత సులువుగా మింగుడుపడలేదు. 1926లో అమెరికాలో జేమ్స్ సమ్నర్ యూరియేజ్ అనే ఎంజైమును స్ఫటికాలుగా వేరు చేసి అది ప్రొటీన్ అని చెప్పినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. ఆయనకు నోబెల్ బహుమతి వచ్చేసరికి 1946 అయింది. మధ్యలో 1937లో మన నురుగు ప్రయోగంలో ఉన్న కేటలేజ్‌ను కూడా డౌన్స్ అనే సహచరుడితో కలిసి ఆయన స్ఫటికాలుగా తీశాడు. పదకొండేళ్ల మా మేనకోడలు ఇది విని, "అయితే బంగాళదుంపను ఉడికించినా అంతేనా అత్తా?" అంది. అంతకు ముందు పచ్చి బంగాళదుంప ముక్క మీద పెరాక్సైడ్ చుక్కలు వేస్తే బుడగలు రావడం తను చూసింది. ఉడికించిన ముక్క మీద వేస్తే ఏమీ రాలేదు. ఒక చోట తెలుసుకున్నదాన్ని ఇంకో చోటికి తీసుకెళ్లి సరిచూసుకోవాలన్న ఆ ప్రశ్నను నేను నేర్పలేదు, ఏ వీడియో నేర్పలేదు. చేసిన పని నుంచే వచ్చింది.

అసలు ఈస్టుకు, బంగాళదుంపకు ఈ ఎంజైము ఎందుకు? జీవకణాలు ఆక్సిజన్‌ను వాడుకునే క్రమంలో వాటి లోపలే కొంత పెరాక్సైడ్ పుడుతుంది. అది పేరుకుంటే కణానికే హాని. దాన్ని ఎప్పటికప్పుడు విడగొట్టి పారేయడానికే కేటలేజ్. మన రక్తంలో, కాలేయంలో కూడా ఉంది. గాయం మీద పెరాక్సైడ్ పోస్తే తెల్లగా నురుగు కట్టేది అందుకే. అది సూక్ష్మజీవులతో పాటు గాయం మానడానికి కావలసిన కణాలనూ దెబ్బతీస్తుంది కాబట్టి మామూలు గాయాలను సబ్బు, నీళ్లతో కడగమని డాక్టర్లు ఇప్పుడు చెబుతున్నారు. పిల్లలు తమ దెబ్బల మీద పోసి చూసుకుంటామని ముచ్చటపడతారు, వద్దని గట్టిగా చెప్పండి.

నురుగు అనగానే గుర్తొచ్చే రెండో ప్రయోగం అగ్నిపర్వతం. మట్టితోనో కాగితాలతోనో కొండ కట్టి, దాని నోట్లో వంట సోడా వేసి, ఎర్ర రంగు కలిపిన వెనిగర్ పోయడం. ఈ కొండ మీద నాకు సదభిప్రాయం లేదు. పిల్లవాడి సాయంత్రమంతా కొండ కట్టడానికి, రంగులు వేయడానికి పోతుంది. రసాయన చర్యకు మిగిలేది అరనిమిషం. అది కూడా అట్టముక్కల వెనక, కంటికి కనపడని చోట జరుగుతుంది. పోనీ అగ్నిపర్వతం గురించైనా తెలుస్తుందా అంటే, అసలు అగ్నిపర్వతంలో ఆమ్లమూ సోడా కలవవు. లోతున విపరీతమైన ఒత్తిడిలో కరిగిన రాతిలో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు ఇమిడి ఉంటాయి. పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి అవి బుడగలై రాతిద్రవాన్ని బయటికి నెడతాయి. లావా వేడి దాదాపు 700 నుంచి 1200 డిగ్రీలు. మన కొండ లోపలి సోడా, వెనిగర్ మాత్రం కలిశాక చల్లబడతాయి.

ఆ చల్లబడటమే నన్ను ఆకట్టుకునే విషయం. కొండను పక్కన పెట్టి, అదే చర్యను గాజు గ్లాసులో చేయించి, థర్మామీటర్ పెట్టి చూడమనండి. ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు దిగుతుంది. పెరాక్సైడ్ నురుగు వెచ్చన, సోడా నురుగు చల్లన. చూడటానికి రెండూ ఒకటే తెల్ల నురుగు, చేత్తో పట్టుకుంటే వేరు వేరు. ఒకటి వేడిని బయటికి వదిలే చర్య, ఇంకొకటి చుట్టూ ఉన్న వేడిని లోపలికి తీసుకునే చర్య. లోపలి వాయువులు కూడా వేరే. సోడా, వెనిగర్ కలిసిన గ్లాసులోకి వెలుగుతున్న పుల్లను దించితే ఆరిపోతుంది, అది కార్బన్ డయాక్సైడ్. పెరాక్సైడ్ నురుగు బుడగల్లోకి మంట ఆర్పి నిప్పు మాత్రం మిగిల్చిన పుల్లను పెడితే నిప్పు భగ్గున ఎర్రబడుతుంది, ఒక్కోసారి మళ్లీ మంట అంటుకుంటుంది. అది ఆక్సిజన్. నిప్పు పని పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. చుట్టుపక్కల కాగితాలు, గుడ్డలు లేకుండా చూసుకోవాలి. సోడా గ్లాసు నుంచి కంటికి కనిపించని ఆ వాయువును, ద్రవం ఒలక్కుండా, చిన్న కొవ్వొత్తి మీదికి వంపితే అది ఆరిపోతుంది. గాలికన్నా బరువైన వాయువు కాబట్టి కిందికి జారి మంటను కమ్మేస్తుంది.

18వ శతాబ్దం నడిమి దాకా ప్రపంచంలో చదువుకున్నవాళ్లు కూడా వాయువులన్నీ ఒకే గాలికి రకరకాల రూపాలనుకునేవారు. 1750లలో స్కాట్లండ్‌లో జోసెఫ్ బ్లాక్ మంటను ఆర్పేసే వాయువును విడిగా గుర్తించాడు. 1774లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ ప్రీస్ట్లీ పాదరసపు ఎర్ర భస్మాన్ని వేడి చేసి, కొవ్వొత్తిని మరింత ప్రకాశంగా మండించే వాయువును పట్టుకున్నాడు. స్వీడన్‌లో షీలే కూడా విడిగా ఆ వాయువునే కనుక్కున్నాడు. ఆ శతాబ్దమంతా వెతికిన తేడా మన బల్ల మీద రెండు గ్లాసుల మధ్య ఉంది. దాన్ని అట్టకొండ వెనక దాచిపెట్టడం నాకు మనసొప్పదు.

కొలతల సంగతి కూడా ఇక్కడే. మామూలు వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం దాదాపు 5 శాతం. 100 మి.లీ. వెనిగర్‌కు సుమారు 7 గ్రాముల వంట సోడా సరిపోతుంది, దాదాపు 2 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంతకన్నా ఎంత సోడా వేసినా అడుగున తెల్లగా మిగిలిపోతుంది. గుప్పెడు వేస్తే గొప్పగా పొంగుతుందనుకునే పిల్లలకు ఆ అడుగున మిగిలిన పొడిని చూపించండి. మళ్లీ కాస్త వెనిగర్ పోస్తే అది కూడా బుసబుసమంటుంది. ఏది అయిపోయింది, ఏది మిగిలింది అని అడగడం ఈస్టు గ్లాసుల దగ్గర నేర్చుకున్న పిల్లలు ఇక్కడ తమంతట తామే అడుగుతారు.

ఇదంతా చదివి కొందరు అనేది నాకు తెలుసు. "పిల్లలు సరదాగా ఆడుకుంటుంటే దాన్నీ పాఠం చేసేస్తున్నారు." ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. గీతలు పెట్టించడం, అంచనాలు అడగడం హోంవర్కులా మారితే పిల్లలు పారిపోతారు, పారిపోవాలి కూడా. అందుకే మా ఇంట్లో నోటుపుస్తకం తప్పనిసరి కాదు. గ్లాసు మీద పెట్టిన గీతలే రాత. తప్పు అంచనా చెప్పినవాళ్లను సరిదిద్దడం ఉండదు, గ్లాసే సరిదిద్దుతుంది. పొంగించి పొంగించి నవ్వుకోవాలనిపించిన రోజు అదే చేస్తారు. కానీ సరదా, ఆలోచన ఒకదానికొకటి పడవని అనుకోవడం పిల్లల్ని తక్కువ అంచనా వేయడమే. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం 1825లో మొదలైన క్రిస్మస్ ఉపన్యాసాల్లో మైకేల్ ఫారడే ఒక్క కొవ్వొత్తిని పట్టుకుని వరసగా ఎన్నో ఉపన్యాసాలిచ్చాడు. మైనం ఎక్కడికి పోతోంది, మంట మధ్యలో నల్లగా ఎందుకుంది, మండితే నీళ్లెలా వస్తున్నాయి అని ఒక్కో ప్రశ్న నుంచి ఇంకో ప్రశ్నకు నడిపించాడు. కొవ్వొత్తి పొంగదు, పేలదు. అయినా పిల్లలు విన్నారు.

"మాకు కెమిస్ట్రీ రాదు, పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?" అన్నది ఇంకో టెన్షన్. జవాబు చెప్పాల్సిన అవసరం చాలాసార్లు రాదు. "చేసి చూద్దామా?" అంటే చాలు. అవసరమైతే పుస్తకం తీసి ఇద్దరూ కలిసి చదవొచ్చు. నన్ను బాధపెట్టేది అసలు ప్రశ్నలే అడగనివ్వని చోట్లు. ఒక బడిలో సైన్సు ప్రదర్శనకు వెళ్లాను. బల్లల మీద వరసగా అగ్నిపర్వతాలు. ప్రతి పిల్లా పిల్లవాడూ ఇంట్లో రాసిచ్చిన నాలుగు వాక్యాలు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పారు. అందులో ఒక పాపను "వెనిగర్ బదులు నీళ్లు పోస్తే ఏమవుతుందమ్మా?" అని అడిగాను. పాప భయంగా పక్కనున్న పెద్దవాళ్ల వైపు చూసింది. నీళ్లు పక్కనే సీసాలో ఉన్నాయి. పోసి చూడొచ్చని ఆ పాపకు ఎవరూ చెప్పలేదు.

జాగ్రత్తల గురించి చెప్పకుండా పోసి చూడమంటే అది బాధ్యత కాదు. కళ్లద్దాలు పిల్లలకూ పెద్దలకూ తప్పనిసరి, 3 శాతానికి కూడా. నురుగులో విడిపోని పెరాక్సైడ్ కొంత మిగిలి ఉంటుంది కాబట్టి నోట్లో, కంట్లో పెట్టుకోకూడదు. ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి. ఏ నురుగు చర్యనైనా మూత బిగించిన సీసాలో చేయకూడదు, వాయువు ఒత్తిడికి సీసా పగిలి ముక్కలు ఎగురుతాయి. మిగిలినదాన్ని తిరిగి అసలు సీసాలో పోయకూడదు, ఈస్టు ఒక్క చుక్క పడ్డా లోపల వాయువు పుడుతూనే ఉంటుంది. ఎక్కువ నీళ్లతో సింకులో పోసేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, రెండు ప్రయోగాలూ చేసిన పిల్లలకు తప్పక వచ్చే ఆలోచన ఒకటుంది: రెంటినీ కలిపేస్తే? పెరాక్సైడ్, వెనిగర్ కలిస్తే పెరాసిటిక్ ఆమ్లం తయారవుతుంది, కళ్లకు, చర్మానికి, ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. బట్టలకు, గచ్చుకు వాడే బ్లీచ్‌ను వెనిగర్‌తో కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. ఈ రెండు మాటలూ పిల్లలకు కారణంతో సహా చెప్పాలి. ఊరికే వద్దంటే మనం లేనప్పుడు కలుపుతారు. అడిగితే చేసి చూద్దామని నేనన్న మాట వీటికి వర్తించదని వాళ్లకు ముందే తెలియాలి.

ఈమధ్య మా ఇంట్లో ప్రయోగం ఇంకో మలుపు తిరిగింది. ఎప్పుడో తెరిచిన పాత సీసాలోని పెరాక్సైడ్‌తో చేస్తే నురుగు సగం గ్లాసుకు కూడా రాలేదు. ఈస్టు చెడిందని మా అబ్బాయి, పెరాక్సైడ్ పాతబడిందని మేనకోడలు వాదించుకున్నారు. అదే ఈస్టును కొత్త పెరాక్సైడ్‌లో పోస్తే మామూలుగానే పొంగింది. తప్పు సీసాదని తేలింది. కానీ ఎంత పాతబడింది, ఎంత బలం మిగిలింది అని మేనకోడలు పట్టుపట్టింది. దానికి నురుగు ఎత్తు సరిపోదు, బుడగలు పగిలిపోతుంటాయి కాబట్టి లెక్క తప్పుతుంది. అందుకని సబ్బు మానేశాం. చిన్న సీసాలో 10 మి.లీ. పెరాక్సైడ్ కొలిచి, ఈస్టు వేసి, మూతకు అమర్చిన మెత్తటి గొట్టాన్ని, నీళ్ల తొట్టిలో నీటితో నింపి బోర్లించిన కొలపాత్ర కిందికి పెట్టాం. గొట్టం ఎక్కడా మడతపడకుండా చూసుకున్నాం. పుట్టిన ఆక్సిజన్ నీటిని కిందికి నెట్టుకుంటూ పైన చేరుతుంది. 3 శాతం ద్రావణం తన ఘనపరిమాణానికి సుమారు పది రెట్ల ఆక్సిజన్ ఇవ్వాలి, అంటే కొత్త సీసాకు దాదాపు 100 మి.లీ. రావాలి. పాత సీసా ఎంత ఇస్తే అంత బలం దానిలో మిగిలినట్టు. ఇందులో రంగు లేదు, నురుగు లేదు, పొంగడం లేదు. కొలపాత్రలో నీటిమట్టం ఒక్కో గీత దిగుతుంటే ఇద్దరూ పైకి చదువుతూ కూర్చున్నారు.